పాపం అంటని చెయ్యి

కాజీపేట
జూన్ 14

రాహేలు అక్కకు డేవిడ్ వందనాలు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకని అడుగుతావు. ఫోన్‌లో నువ్వు సగంలో ప్రార్థన మొదలుపెడతావు. ఆమెన్ అన్నాక మళ్లీ చెత్త సంగతి ఎత్తడం బాగుండదు. నాకు చెప్పుకోవడానికి చెత్త తప్ప వేరే సంగతి లేదు.

నేను సూపర్‌వైజర్‌గా ఉన్న చెత్త స్టేషన్ నీకు తెలుసు. ఒకసారి బస్సులోంచి చూపిస్తే అద్దం మూసేశావు. ఇంటింటి చెత్త ఎత్తే ఆటోలు వచ్చి అక్కడి పెద్ద తొట్టిలో కుమ్మరిస్తాయి. మా ఆపరేటర్ కట్టయ్య బటన్ నొక్కితే ఇనుప పలక ముందుకు జరిగి ఆ చెత్తను కంటైనర్‌లోకి అదుముతుంది. నిండిన కంటైనర్‌ను లారీ డంపింగ్ యార్డుకు మోసుకుపోతుంది. ఇంతకాలం మా బండ్లకు తప్ప ఎవరికీ గేటు తీయలేదు. మొన్న గురువారం నుంచి జనానికీ తీశాము. పాత పరుపులు, ఇల్లు పగలగొట్టిన ఇటుకలు, విరిగిన సోఫాలు, ఏవైనా సరే, ఎవరి చెత్త వాళ్లు తెచ్చుకుని ఫీజు కట్టి వేసి పోవచ్చు. బైకుకు ఒక రేటు, ఆటోకు ఒకటి, ట్రాక్టర్‌కు ఒకటి. వసూలు పని హైదరాబాద్ ఏజెన్సీ ఒకటి తీసుకుంది. దాని మేనేజర్ శశాంక్. పాతికేళ్లుంటాయి. చెత్త అనే మాట నోటితో అనడు, మెటీరియల్ అంటాడు.

ప్రారంభోత్సవం జరిగింది. ఫోటోలో అసహ్యంగా కనబడకూడదని శశాంక్ కొత్త అట్టపెట్టెలు కొని తెచ్చి తొట్టిలో వేయించాడు. వార్డు నాయకుడు రాజమల్లు రిబ్బన్ కత్తిరించి, తొట్టి అంచు మీద కొబ్బరికాయ కొట్టి, బటన్ నొక్కాడు. కొత్త పెట్టెలు నలిగిపోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్లు వెళ్లాక కొబ్బరిచిప్పలు తొట్టిలోకి తోసేయమన్నాను. కట్టయ్య కదలలేదు.

"దేవునికి కొట్టిన కాయ సార్. చెత్తల ఎట్లేస్తం?"

ఏ దేవునికి కొట్టారని అడిగాను. తొట్టి వైపు చూసి, "మిషన్‌కు" అన్నాడు. చివరికి ఊడ్చే బక్కమ్మ వచ్చి చిప్పలు కొంగులో వేసుకుని పోయింది.

వచ్చే ఏడాది జూలైలో నా రిటైర్మెంట్. అప్పటిదాకా ఒక్క మెమో పడకుండా బయటపడాలి. ఒక మెమో ఉంటే పింఛను కాగితాలు ఎన్నేళ్లు తిరుగుతాయో సాల్మన్ బావ విషయంలో చూశాం కదా. చేతికి వచ్చేనాటికి ఆయనే లేడు. నాకు ఇంకేమీ వద్దు అక్కా. ఆ పదమూడు నెలలు గడిస్తే చాలు.

నీ తమ్ముడు
డేవిడ్

---

మరిపెడ
జూన్ 25

తమ్ముడు డేవిడ్‌కు ప్రభువు నామమున శుభములు.

ఉత్తరం రాయడం మంచిదే. తప్పులకు ఎర్రసిరాతో సున్నాలు చుట్టి వెనక్కి పంపుదామనుకున్నాను. హెడ్‌మాస్టర్ పని నుంచి రిటైరై ఆరేళ్లయినా చెయ్యి ఊరుకోవడం లేదు. స్టాంపు ఖర్చు తలచుకుని ఊరుకున్నాను.

చెత్త యంత్రానికి కొబ్బరికాయ కొట్టే మనుషుల మధ్య నువ్వు ఎలా పని చేస్తావో నాకు అర్థం కాదు. వాళ్లు మొక్కనిదేదైనా ఉందా? బస్సుకు మొక్కుతారు, గల్లాపెట్టెకు మొక్కుతారు, ఇప్పుడు తొట్టికి. నువ్వు నవ్వుకుంటూ రాశావు, నాకు నవ్వు రాలేదు. నీ పని నువ్వు చేసుకో, వాళ్ల గొడవలో తల పెట్టకు.

ఇక్కడ నన్ను సంఘానికి కార్యదర్శిగా ఎన్నుకున్నారు. ఎదురు నిలబడినాయన తానే తప్పుకున్నాడు. క్రిస్మస్ లోపల మందిరానికి రంగులు వేయించి, లోపలి అల్మరాలు ఖాళీ చేయించి, కొత్త బెంచీలు తెప్పించాలని తీర్మానం చేశాము. పని అంటే ఏమిటో మగవాళ్లకు చూపిస్తాను.

బావ సంగతి మళ్లీ ఎత్తకు.

నీ అక్క
రాహేలు

---

కాజీపేట
సెప్టెంబర్ 16

అక్కకు వందనాలు.

కార్యదర్శివి అయినందుకు సంతోషం. జవాబు ఆలస్యమైంది.

స్టేషన్‌కు రావాల్సింది రావడం లేదు. ఇటుకలు, మట్టి తెచ్చే ట్రాక్టర్లు ఫీజు అనగానే మా గేటు దాటి కొంచెం ముందుకు పోయి కాలువలో కుమ్మరిస్తాయి. తిరిగి పోయేటప్పుడు డ్రైవర్లు నాకు చెయ్యి ఊపుతారు. రాకూడనిది మాత్రం వస్తోంది.

జూలైలో హన్మకొండ నుంచి ఒకామె కారులో వచ్చింది. డిక్కీలో పాత చీరలో చుట్టిన మూట. అందులో దేవుళ్ల పటాలు. కొన్నింటికి అద్దం పగిలింది, కొన్నింటికి చెదలు పట్టాయి. పూజగదికి ఒకే సైజువి, ఒకే రంగు ఫ్రేములవి కొత్తగా కొన్నారట. ఇదివరకు ఇలాంటివి గుడి గోడ పక్కన పెట్టి వచ్చేవాళ్లు. ఇప్పుడు గుడివాళ్లు అక్కడ కెమెరా బిగించారు. ఆమె ఫీజు కట్టి నాతో అంది:

"జర మంచిగ చేయుండ్రి."

"మంచిగ అంటే ఎట్ల మేడమ్?"

"నాకేమెరుక? పైసలు కట్టిన గదా. మీకే ఎరుకుండాలె."

తొట్టి వైపు ఒక్కసారి కూడా చూడకుండా కారెక్కింది. కట్టయ్య ఆ పటాలను తొట్టిలో వేయలేదు. షెడ్డు గోడకు ఆనించాడు. తర్వాత వచ్చినవాళ్లు అది చూసి, ఇక్కడ తీసుకుంటారన్నమాట అనుకున్నారు. అంతే, మాట ఊరంతా పాకింది.

ఇప్పుడు దసరాకు ఇండ్లు దులుపుతున్నారు. పొద్దున గేటు తీసేసరికి స్కూటర్లు వరసగా ఉంటాయి. పటాలతో పాటు క్యాలెండర్లు వస్తున్నాయి. వరంగల్‌లో ప్రతి దుకాణం లక్ష్మి బొమ్మతో క్యాలెండర్ పంచుతుంది. ఏడాది అయ్యాక దాన్ని పారేసే ధైర్యం ఎవరికీ లేదు. పంచే దుకాణదారుడికీ లేదు, మిగిలినవి ఆయనే ఆటోలో తెచ్చాడు. ఆ తర్వాత శుభలేఖలు. రిటైరైన బ్యాంకు ఆయన ఒకరు రెండు సంచులు దించి నాతో చెప్పాడు: "వీట్ల ఇద్దరు ముగ్గురికి విడాకులు గూడ అయినయి సార్. గని పైన గణపతి ఉన్నడు గదా, ఎట్ల పారేస్తం?"

వాన పడుతుంటే బక్కమ్మ నన్ను నిలదీసింది. "ఏంది సార్, లక్ష్మమ్మను వానల నిలబెట్టిండ్రు? మీ ఇంట్ల ఆడోళ్లనైతే గిట్లనే నిలబెడ్తరా?" తనే టార్పాలిన్ తెచ్చి కప్పింది. మరునాడు అగరుబత్తి వెలిగించింది. ఇప్పుడు పాత పరుపు పారేయడానికి వచ్చినవాళ్లు కూడా షెడ్డు ముందు చెప్పులు విప్పుతున్నారు.

శశాంక్ ఇదంతా చూసి సంతోషించాడు. గేటు మీద ఫ్లెక్సీ కట్టించాడు: "సగౌరవ వీడ్కోలు. మీ పూజనీయ వస్తువులకు ప్రత్యేక సేవ." దానికి రెట్టింపు ఫీజు. ఆ ప్రత్యేక సేవ ఏమిటని అడిగాను. "వర్కవుట్ చేస్తాన్నం సార్" అన్నాడు. ఇప్పటికి ఆ సేవ అంటే బక్కమ్మ టార్పాలిన్.

డేవిడ్

---

మరిపెడ
అక్టోబర్ 6

డేవిడ్‌కు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి సిగ్గేసింది.

మన నాన్న నిన్ను పెంచింది అగరుబత్తి పొగలో నిలబడి కాపలా కాయడానికా? అవి కాగితం, అద్దం, చెక్క. అంతకు మించి ఏమీ లేవు. ఆ కట్టయ్యకు తెలియదు సరే, నీకు తెలియదా? బటన్ నొక్కి పడేయ్. నువ్వు వెనకాడుతున్నావంటే నీలో ఎక్కడో వాటి మీద భయం ఉంది. నలుగురిలో పడి నలుగురిలా అయ్యావు. ఈ మాట సంఘంలో ఎవరికీ చెప్పలేదు, చెప్పలేను కూడా.

పైసలిచ్చి ఇంకొకరి చేత పారేయిస్తే తమకు అంటదనుకునే వాళ్లను చూస్తే నాకు జాలి కూడా కలగదు.

మందిరానికి రంగులు అయిపోవచ్చాయి. బెంచీలు వచ్చాయి. అన్నట్టు మీ స్టేషన్‌లో పాత పుస్తకాలు తీసుకుంటారా? ఊరికే అడుగుతున్నాను.

రాహేలు

---

కాజీపేట
అక్టోబర్ 27

అక్కకు,

పుస్తకాలు తీసుకుంటాము. కిలోల లెక్కన కొనే పాత సామాను దుకాణాలు మరిపెడలోనే ఉన్నాయి కదా, అక్కడైతే నీకే నాలుగు రూపాయలు వస్తాయి.

నాలో భయం ఉందన్నావు. ఉంది. దేని మీదో చెబుతాను విను.

వచ్చే నెల పరిశుభ్రత ర్యాంకుల కోసం తనిఖీ బృందం వస్తోంది. అప్పటికి షెడ్డు ఖాళీ కావాలని పైనుంచి మాట వచ్చింది. నేను కట్టయ్యను పిలిచాను.

"నేనైతే నొక్క సార్. పిల్లలు గలోన్ని. మెమో ఇచ్చుకో, నౌకరిల నుంచి తీసెయ్, గని నొక్క."

ఇంకో షిఫ్టు ఆపరేటర్ జ్వరమని సెలవు పెట్టాడు. లారీ డ్రైవర్ తాను బండి నడుపుతానే తప్ప బటన్ తన డ్యూటీ కాదన్నాడు. అప్పుడు శశాంక్ నన్ను పక్కకు తీసుకుపోయి, ఏదో మేలు చేస్తున్నవాడిలా నెమ్మదిగా చెప్పాడు:

"సార్, మీరైతేనే కరెక్ట్. మీరు క్రిస్టియన్ గదా. మీకు పాపం అంటదు."

ముప్పై మూడేళ్లుగా ఈ ఊరి చండాలమంతా ఈ చేతికి అంటింది. ఇదొక్కటి అంటదట.

సాయంత్రానికి అందరిదీ అదే మాట. కట్టయ్య కూడా, "ఔ సార్, మీకేమైతది? మీరు వేరే గదా" అన్నాడు. ఇంతలో ఎవరు చెప్పారో, వార్డు నాయకుడు రాజమల్లు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"మా దేవుండ్ల మీద కిరస్తానపోడు చెయ్యేసుడేంది? ఊకుంటమా?"

"మంచిది అన్నా. మీరే నొక్కుండ్రి. ప్రారంభంల గూడ మీరే నొక్కిండ్రు" అన్నాను.

"నాకు బీపీ ఉన్నది."

"డాక్టర్ బటన్లు నొక్కద్దన్నడా?"

అతని వెనక ఉన్నవాళ్లే నవ్వారు. నవ్వినవాళ్లను అడిగాను, మీలో ఎవరు నొక్కుతారని. ఒకరికి ఇంట్లో భార్య కడుపుతో ఉంది. ఒకరు మాల వేసుకోబోతున్నాడు. మిగిలినవాళ్లు ఫోన్లు చూసుకున్నారు. వెళ్లేటప్పుడు రాజమల్లు నా చెవిలో, "మాకు ఎరుకలేకుంట కానియ్యి. ఎరుకైతే మాత్రం గమ్మునుండం" అని చెప్పి పోయాడు.

ఇదీ లెక్క. నేను నొక్కితే ఎవడో ఒకడు వీడియో తీస్తాడు. దేవుళ్లను యంత్రంలో వేసి తొక్కించిన క్రైస్తవ అధికారి అని సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది. కేసు, సస్పెన్షన్, బావ పడ్డ పాట్లు. నొక్కకపోతే పైవాళ్ల మాట వినలేదని మెమో. ఆ మాట కాగితం మీద రాసి ఇవ్వమని ఆఫీసుకు పోయాను. ముగ్గురు సార్లను కలిశాను. మూడో సారు తలుపు వేసి, "ఇట్లాంటియి రాతల పెడ్తరా డేవిడ్? అర్థం చేసుకోవాలె" అన్నాడు.

నాకు పటాల మీద భక్తి లేదు, భయమూ లేదు. వాటిని తెచ్చినవాళ్ల మీద భయం. నువ్వు మరిపెడలో నీ ఇంట్లో కూర్చుని "నొక్కి పడేయ్" అని రాస్తావు. ఎంత వెతికినా శశాంక్ మాటకు, నీ మాటకు తేడా కనబడడం లేదు.

డేవిడ్

---

మరిపెడ
నవంబర్ 11

డేవిడ్‌కు,

నన్ను వాళ్లతో కలిపినందుకు జవాబు రాయకూడదనుకున్నాను. పని పడింది కనుక రాస్తున్నాను.

మన పక్కింటి రామలింగం కొడుకు పత్తి వేసుకుని మార్కెట్‌కు వస్తున్నాడు. అదే బండిలో ఐదు మూటలు పంపుతున్నాను. స్టేషన్ దగ్గర దించుతాడు. ఫీజు అతని చేతికిచ్చాను. మందిరంలో అల్మరాలు ఖాళీ చేసినప్పుడు వచ్చినవి. చెదలు తిన్న బైబిళ్లు, చిరిగిన కీర్తనల పుస్తకాలు, ఆదివారపు బడి పాఠాలు. నాలుగు తరాలవి. పాత సామాను దుకాణానికి అమ్మితే ఆ కాగితాల్లో మిర్చి బజ్జీలు కడతాడని పాస్టర్ గారు వద్దన్నారు. తగలబెడితే రోడ్డు మీద పోయేవాళ్లు చూసి ఏమనుకుంటారో. పాతిపెడదామంటే మందిరం ఆవరణ అంతా మొన్ననే సిమెంటు చేయించాము. నాలుగు మీటింగులయ్యాయి. అప్పుడు నేనే లేచి, మా తమ్ముడి స్టేషన్ ఉంది, వాళ్లు గౌరవంగా చేస్తారు అని చెప్పాను. అందరూ సంతోషించారు.

ఒక్క మాట. నువ్వు నొక్కకు. మనవాళ్లెవరూ నొక్కకుండా చూడు. ఆ కట్టయ్య చేత నొక్కించు. అతను హిందువు కదా, అతనికేమీ కాదు.

అక్క

---

కాజీపేట
నవంబర్ 19

రాహేలు గారికి,

మూటలు అందాయి. మీ ఉత్తరం కట్టయ్యకు చదివి వినిపించాను. "మీ దేవునివి గూడ నేనెందుకు నొక్కుత సార్? దేవుడు దేవుడే గదా" అన్నాడు. బక్కమ్మ ఆ మూటలను కూడా టార్పాలిన్ కిందికి జరిపింది. అటు పక్క ఒక అగరుబత్తి అదనంగా వెలిగించింది. మీ సంఘానికి తెలియజేయగలరు.

ఆ సాయంత్రమే నేను బోర్డు రాయించి తొట్టి పక్కన కట్టాను. ఇంత పెద్ద అక్షరాలు:

"పూజనీయ వస్తువులు తెచ్చినవారే బటన్ నొక్కవలెను."

యంత్రం దగ్గర రెయిలింగ్ ఉంది, ప్రమాదం లేదు. కట్టయ్య పక్కనే ఉంటాడు, ఎలా నొక్కాలో చూపిస్తాడు. పిల్లలు కూడా నొక్కగలరు.

మరునాడు మొదట వచ్చింది ఒక లాయర్ గారు. తండ్రి పోయాక ఆయన పూజగది మొత్తం ట్రాలీ ఆటోలో ఎక్కించుకొచ్చాడు. బోర్డు చదివాడు. మళ్లీ చదివాడు.

"ఇదేం పద్ధతండి? పైసలు కట్టేది దేనికి మరి?"

"యంత్రానికి సార్. కరెంటుకు."

"నొక్కకపోతే?"

"వాపస్ తీసుకపోవాలె."

నన్ను బాగా తిట్టాడు. ఇంగ్లీషులో కూడా తిట్టాడు. సామానంతా తిరిగి ఎక్కించుకుని పోయాడు. మరునాడు పొద్దున అదంతా మా కాంపౌండ్ గోడకు బయటి వైపు వరసగా పేర్చి ఉంది. తరువాత వచ్చినవాళ్లూ అంతే. వారం రోజుల్లో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు కూడా బటన్ ముట్టలేదు. మొదట వచ్చిన హన్మకొండ కారామె మళ్లీ వస్తే నేనే గుర్తుపట్టి, షెడ్డులో ఆమె పటాలు చూపించి పిలిచాను. "అవి నాయి గావు" అంది.

మీ మూటలు ఈ వారం మళ్లీ వచ్చిన అదే పత్తి బండిలో వెనక్కి పంపుతున్నాను. ఫీజు కూడా మూటకు కట్టాను. మీరు వచ్చి నొక్కే పనైతే ఏ రోజైనా రండి. కాగితం, అట్ట, దారం. అంతకు మించి ఏమీ లేవు.

డేవిడ్

---

మరిపెడ
డిసెంబర్ 4

డేవిడ్,

మూటలు చేరాయి. పాస్టర్ గారు మందిరంలోకి రానివ్వలేదు, కొత్త రంగులన్నారు. నా మంచం కింద పెట్టించాను.

మొన్న మంగళవారం ఒక మూట ఆటోలో వేసుకుని మహబూబాబాద్ రోడ్డు దాకా పోయాను. అక్కడ పెద్ద కాలువ ఉంది. దిగాను. మూట విప్పాను. పైనే నాన్న చేతిరాత ఉన్న కీర్తనల పుస్తకం కనబడింది. ఎవరో వస్తున్నట్టుంటే మళ్లీ కట్టి తెచ్చుకున్నాను. నిజానికి ఎవరూ రాలేదు.

నీ బోర్డు పద్ధతి పెద్దలను అవమానించేది. అది తీసేసిన రోజు ఒక కార్డు ముక్క రాయి. పంపుతాను.

అక్క

---

హసన్‌పర్తి
జనవరి 12

అక్కకు వందనాలు.

పైన ఊరి పేరు మారింది, చూశావు కదా. బోర్డు తీసేశారు. నన్నూ తీసేశారు. ఇప్పుడు హసన్‌పర్తి వైపు దోమల మందు కొట్టించే పని. పొగ మిషన్ వెనక నడుస్తాను.

సస్పెండ్ చేద్దామని చూశారు. అందుకు నేను ఏ ఆర్డర్ వినలేదో రాయాలి. ఆ ఆర్డర్ ఎవరూ రాయలేదు, ఇక ముందూ ఎవరూ రాయరు. కనుక పరిపాలనా కారణాలతో బదిలీ అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. మెమో లేదు. జూలైకి నా కాగితాలు శుభ్రంగా కదులుతాయి. నాకు కావలసింది అదే, దక్కింది. ఈ ఊరి పిరికితనం ఒక్కసారికి నాకు పనికొచ్చింది.

తనిఖీ రోజున షెడ్డు ముందు కొత్త పరదా కట్టారట. బృందం పరదాను మెచ్చుకుని పోయిందట. ఆ తర్వాత శశాంక్ మనిషి కోసం ఊరంతా వెతికాడు. హిందువు వద్దు, క్రైస్తవుడు వద్దు, ముస్లిం అయితే రాజమల్లు కంటే పెద్దవాళ్లు వస్తారు. చివరికి ఏ దేవుడూ లేనివాడు దొరికాడు. పరంధాములు సారు, రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్. గ్రహణం పూట చౌరస్తాలో నిలబడి అందరికీ ఇడ్లీలు పంచి తానూ తిన్న మనిషి. మూఢనమ్మకాల మీద నలభై ఏళ్లుగా ఉపన్యాసాలిస్తున్నాడు. గౌరవ సలహాదారు అని పేరు పెట్టి, వారానికి ఒకరోజు వచ్చి నొక్కిపోయేట్టు మాట్లాడుకున్నారు. సగౌరవ వీడ్కోలు ఫ్లెక్సీ మళ్లీ గేటెక్కింది.

మొదటి రోజు సంగతి కట్టయ్య ఫోన్ చేసి చెప్పాడు. సారు వచ్చి పావుగంట ఉపన్యాసమిచ్చాడట. ఇవి కేవలం పదార్థమని, పదార్థానికి అవమానం ఉండదని చెప్పాడట. బటన్ మీద వేలు పెట్టాడు. తొట్టిలోకి చూశాడు. వేలు తీసి బక్కమ్మను పిలిచాడు.

"అన్నీ ఇటే చూస్తాన్నయ్ అమ్మా. జర బోర్ల పెట్టు."

బక్కమ్మ తొట్టిలోకి దిగి ఒక్కొక్కటీ బోర్లా తిప్పిందట. అంతసేపూ సారు రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత నొక్కాడు.

నీ మూటలు ఇక పంపవచ్చు. కట్టయ్య నా తరఫున అడిగి పెట్టాడు. బైబిళ్లయినా సారుకు అభ్యంతరం లేదట, ఆయనకు అన్నీ ఒకటేనట. అట్ట మీద సిలువ ఉన్నవి మాత్రం బోర్లా పేర్చమన్నాడట.

నీ తమ్ముడు
డేవిడ్